సగం కథ పడని సుందరరావుగారు

కొందరికి వంకాయ పడదు, కొందరికి దుమ్ము పడదు. పంటు సుందరరావుగారికి సగం కథ పడదు. మధ్యలో ఆగిపోయిన కథ చెవిన పడిందంటే ఆయనకి కాలు నిలవదు, అన్నం సయించదు. చివర తెలిస్తే గానీ మనిషి మామూలు మనిషి కాడు. ఇది రోగమా, బుద్ధా అని ఆయన మేనకోడలు లక్ష్మీతులసి చాలా ఏళ్ళు ఆలోచించి, రోగమేనని ఖాయం చేసుకుంది.

ఇలాంటి మనిషికి ఇవ్వకూడని ఉద్యోగం ఒకటుంటే, దేవుడు వెతికి మరీ అదే ఇచ్చాడు. ముక్తేశ్వరం రేవు నుంచి కోటిపల్లి రేవుకి గోదావరి దాటించే పంటు మీద టిక్కెట్లు చింపే పని. రెండు పడవల్ని జతచేసి పైన చెక్కలు పరిచిన ఆ పంటు మీదికి ఆటోలు, మోటారు సైకిళ్ళు, మనుషులు, గంపలు అన్నీ ఎక్కుతాయి. ప్రయాణం ఇరవై నిమిషాలు. ఇరవై నిమిషాల్లో ఎవరైనా తోడికోడలి సంగతి మొదలుపెట్టగలరు గానీ ముగించలేరు. సరిగ్గా అసలు ముక్క వచ్చేసరికి రేవొస్తుంది, అందరూ దిగిపోతారు. అలా రోజుకో డజను సగం కథలు, ముప్ఫై ఏళ్ళుగా ఆయన చెవుల్లో పడుతూనే ఉన్నాయి.

"ఆఖరికి ఏవైందండీ?" అంటూ ఆయన చెప్పేవాళ్ళ వెనకాలే గట్టెక్కేస్తారు.

ఒకసారి మామిడికుదురు దంపతులెవరో, పెళ్ళికొడుకు పీటల మీంచి లేచి మాయమైన సంగతి చెప్పుకుంటున్నారు. "ఊరంతా వెతికితే ఆఖరికి ఎక్కడున్నాడనుకున్నావ్" అనేసరికి పంటు ఆగింది. సుందరరావుగారు వాళ్ళతోపాటు గట్టెక్కి, వాళ్ళతోపాటే బస్సెక్కారు. కండక్టరు వచ్చి టిక్కెట్టు అన్నాడు. ఈయన అలవాటు చొప్పున చేతిలో ఉన్న పంటు టిక్కెట్టొకటి చింపి కండక్టరుకే ఇచ్చారు.

తిరిగొచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. పంటు నడిపే సరంగు గంగరాజు మండిపడుతున్నాడు.

"మూడు ట్రిప్పులు జనం టిక్కెట్టు లేకుండా దాటేసేరు బాబాయ్!"

"దాటితే దాటేరు గానీ, నువ్వేం కంగారుపడకు. పెళ్ళయిపోయిందంట. కుర్రాణ్ణి పొద్దుట్నుంచీ ఉపవాసం ఉంచేరట. వెళ్ళి వంటవాళ్ళ దగ్గర కూర్చుని గారెలు తింటన్నాడంట."

గంగరాజు ఆ పెళ్ళి గురించి ఎప్పుడూ కంగారుపడలేదు.

సెల్‌ఫోన్ వచ్చాక వెంటపడే బాధ కొంత తగ్గింది. దిగేవాళ్ళ నంబరు తీసుకుంటారు. ఆయన ఫోన్లో మనుషుల పేర్లుండవు. 'ఐనవిల్లి ఆవకాయ జాడీ', 'కొత్తపేట మరిది అలక', 'ఆవు తప్పిపోయింది (నల్లది)' అని ఉంటాయి. తీరిక దొరగ్గానే మీట నొక్కుతారు. "అమ్మా, నేను పంటు సుందరరావునండి. మీ తోడికోడలుగారు జాడీ తిరిగిచ్చేరాండి ఆఖరికి? ఆయ్. ఖాళీదేనా? అయ్యయ్యో!" ఆ అయ్యయ్యోలో అబద్ధం ఉండదు. ఆ పూట ఆయన ఇంట్లో ఆవకాయ ముట్టుకోరు.

భార్య సూర్యావతి ఆయనతో సినిమాకి వెళ్ళడం ఎప్పుడో మానేసింది. ఇంటర్వెల్లులో లేచి, గేటు దగ్గర టిక్కెట్లు చూసేవాణ్ణి పట్టుకుని చివర అడిగేస్తారు.

"ఒక్క గంట ఓర్చుకోలేరా?" అంది ఆవిడ ఒకసారి.

"నేను ఓర్చుకుంటానే. ఆ పిల్ల ఓర్చుకోవద్దూ? కొండ అంచున వేలాడుతోంది."

ఇలాంటి మేనమావని పెట్టుకుని, వారం వారం వచ్చే సీరియల్ రాయడానికి తులసికి బుద్ధుండాలి. తులసికి రామచంద్రపురంలో ఒక డీటీపీ షాపులో ఉద్యోగం. రోజూ పంటు దాటి వెళ్ళి, శుభలేఖలు కొట్టి వస్తుంది. ఇతరుల పెళ్ళిళ్ళు కంపోజ్ చేసీ చేసీ విసుగెత్తి, ఫోన్లో కథలు ప్రచురించే ఒక యాప్‌లో ప్రేమనవల మొదలుపెట్టింది. దాని మూలం గ్రీకు పురాణం. వాళ్ళ కథలో ఒక గాయకుడు చచ్చిపోయిన పెళ్ళాం కోసం పాతాళానికి వెళ్ళి, పాట పాడి, అక్కడి రాజుని కరిగిస్తాడు. తులసి కథలో ఆ గాయకుడు రాజోలు హర్ష, పెళ్ళిళ్ళలో కీబోర్డు వాయిస్తాడు. అతను ప్రేమించిన కుమారి, గల్ఫ్‌లో నేల అడుగున కట్టిన ఒక మహా నగరంలో పనికి వెళ్ళి చిక్కుకుపోతుంది. అక్కడి పాతాళరాజు అందరి పాస్‌పోర్టులూ బీరువాలో పెట్టి తాళం వేసుకుంటాడు. ఆయన రాణీగారు మాత్రం మంచిది. ఏడాదికి ఆరు నెలలు పుట్టింట్లో ఉండివచ్చే మనిషి కాబట్టి ఆవిడకి ఎడబాటంటే ఏమిటో తెలుసు.

హర్ష పాటకి రాణీగారు కరిగింది. రాజు ఒక్క షరతు పెట్టాడు. "నువ్వు ముందు నడు. పిల్ల నీ వెనకాల వస్తుంది. మీ ఊరి రేవు దాటేవరకూ వెనక్కి తిరిగి చూశావో, పిల్ల మళ్ళీ నాదే." పదకొండో భాగం అక్కడ ఆగింది. ఆఖరి భాగం ఆదివారం సాయంత్రానికి పంపాలి.

ప్రతి సోమవారం పొద్దున్న సుందరరావుగారు ఆ సీరియల్ని పంటు మీద గట్టిగా చదివేవారు. ఇంజను చప్పుడుని మించిన గొంతు. వినేవాళ్ళలో వీరాయమ్మ ఒకర్తె. ద్రాక్షారామం వైపు ఎండుచేపలు అమ్మే మనిషి, గంప పక్కన పెట్టుకుని ఏటివైపు తిరిగి కూర్చుంటుంది. ఆవిడ కూతురు సత్యదుర్గ గల్ఫ్‌లో ఇంటిపనికి వెళ్ళి మూడేళ్ళయింది. ఒప్పుకున్నది రెండేళ్ళే. పాస్‌పోర్టు ఆ ఇంటివాళ్ళ దగ్గరుందనీ, పంపడం లేదనీ రేవులో అందరికీ తెలుసు. ఆవిడ ముందు ఎవరూ ఎత్తరు. తులసికీ తెలుసు. కానీ కథ రాసేటప్పుడు ఆ సంగతి ఆలోచించలేదు. తర్వాత తనమీద తనకి కోపం వచ్చింది దానికే.

అసలు గొడవ బుధవారం వచ్చింది. రిటైరయిన ఇంగ్లీషు లెక్చరరు కృష్ణమోహన్‌గారు పంటెక్కారు. సుందరరావుగారు ఆయన్ని రేవులోనే పట్టుకున్నారు.

"మేస్టారూ, ఆ గ్రీకువాడి కథ... ఆఖరికి ఏవైందండీ?"

"చూసేడండీ వెనక్కి. పిల్ల పోయింది."

"పోయిందంటే?"

"పోయిందంటే పోయిందేనండీ. మరి రాలేదు."

ఆ రోజు సుందరరావుగారు ఒకే మనిషికి నాలుగుసార్లు టిక్కెట్టు చింపారు. సాయంత్రం తిన్నగా చెల్లెలింటికి వచ్చి, గుమ్మంలోనే అడిగారు.

"తులసీ, ఆ కుర్రాడు తిరిగి చూస్తాడా?"

"చూస్తాడు మావయ్యా. అసలు కథ అదే. ఆ ముగింపు అలాగే ఉంటే పుస్తకంగా అచ్చేస్తామని యాప్ వాళ్ళు కూడా చెప్పేరు."

తులసి మాట అబద్ధం కాదు. పుస్తకం మీద తన పేరు చూసుకోవాలని ఆ పిల్లకి ప్రాణం పోయేంత ఆశ.

"అలాక్కాదు గానీ, వాడికి మెడ పట్టేసిందని రాయి. మా గంగరాజుకి పట్టేసింది, పది రోజులు ఎటూ తిప్పలేకపోయేడు."

"ప్రేమకథలో మెడ పట్టడం ఏవిటి మావయ్యా!"

"పోనీ, పిల్లని సైకిలు మీద ముందు కూర్చోబెట్టుకోమను. ఇక వెనక్కి చూసే పనే ఉండదు."

గురువారం పొద్దున్నే ఫోను. "మోటారు సైకిలుకి అద్దం ఉంటుందిగా, అందులో చూసుకోమను." శుక్రవారం షాపులో శుభలేఖ కంపోజ్ చేస్తుంటే మళ్ళీ ఫోను. "వాళ్ళమ్మ ఫోన్ చేసి తిట్టిందనుకో, తలొంచుకుని మాట్లాడుకుంటూ వచ్చేస్తాడు." ఆ కంగారులో తులసి పెళ్ళికొడుకు పేరు వధువు పక్కన, వధువు పేరు పురోహితుడి పక్కన కొట్టింది.

"నా కథ నన్ను రాసుకోనిస్తావా లేదా?" అని అరిచింది ఫోన్లో.

"రాసుకో తల్లీ. కానీ సోమవారం అది చదవాల్సింది నేను," అన్నారాయన. అదేం మాటో తులసికి అర్థం కాలేదు.

శనివారం షాపు నుంచి తొందరగా బయల్దేరి, నాలుగింటికి కోటిపల్లి రేవులో పంటెక్కింది. ఎక్కి, ఏటివైపు మొహం పెట్టి కూర్చుంది. పక్కనే వీరాయమ్మ, ఖాళీ గంప. ఇంతలో గట్టు మీద ఎవరో "ఆస్పత్రిలోంచి పారిపోయేడంట" అనడం, సుందరరావుగారు "ఆఖరికి ఏవైందండీ?" అంటూ దూకడం, రెండూ ఒక్కసారే జరిగాయి. టిక్కెట్ల పుస్తకం పట్టుకెళ్ళారు గానీ, ఫోను స్టూలు మీదే మర్చిపోయారు.

గంగరాజు మూడుసార్లు హారను కొట్టి, ఇంజను కదిపాడు. అప్పుడే ఆ ఫోను మోగింది. 'గల్ఫ్ రాజోలు చెల్లెలు – కాగితం?' అని ఉంది దాని మీద. తులసి ఎత్తింది.

"బాబాయిగారాండీ? మా చెల్లి వచ్చేసిందండీ! పాస్‌పోర్టు లేకపోయినా పర్లేదంటండీ, ఎంబసీవాళ్ళు వేరే కాగితం ఇచ్చేరంట. మా చెల్లిని ఎంబసీకి చేర్చిన ఆవిడ నంబరు, మీరు అడగమన్నది, అది కూడా సంపాదించేను. వీరాయమ్మగారి అమ్మాయిని ఆవిడికి ఫోన్ చేయమనండి."

తులసి నంబరు రాసుకుని, ఆ ఫోన్లో పేర్లు పైనుంచి కిందికి చూసింది. ఆవకాయ జాడీల మధ్య, అలకల మధ్య, గల్ఫ్ అని మొదలయ్యేవి నలభై పైచిలుకు. 'గల్ఫ్ ముక్తేశ్వరం, వచ్చేసింది'. 'గల్ఫ్ సఖినేటిపల్లి, వచ్చేసింది, ఎలా?' 'గల్ఫ్ మలికిపురం, మళ్ళీ అడగాలి'.

"వీరాయమ్మగారూ, మావయ్య మిమ్మల్ని ఎప్పుడైనా ఆఖరికి ఏవైందని అడిగేడాండీ?"

"నన్నా? లేదమ్మా. ఊరందర్నీ అడుగుతాడు, నన్ను మాత్తరం అడగడు. రోజుకొకటి ఆయనే చెప్తాడు. ఫలానా అమ్మాయి వచ్చేసిందంట, ఫలానా పిల్లకి కాగితం దొరికిందంట అని." వక్క నములుతూ నవ్విందావిడ. "రానివాళ్ళ సంగతి ఒక్కటీ చెప్పడు. అందరూ వచ్చేస్తారేటమ్మా? నాకు తెలుసు. అయినా వింటాను. నీ కథలో పిల్లా వచ్చేత్తాదని నిన్ననే చెప్పేడు."

తులసికి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. ముప్ఫై ఏళ్ళుగా ఊరు నవ్విన రోగంతో ఈ మనిషి చేస్తున్నది ఇదన్నమాట. అందరి చివర్లూ ఏరి తెచ్చి, చివర తెలియని ఒక్క మనిషికి ఇస్తున్నాడు. మేనకోడలి కథ కూడా ఆవిడకి ముందే మాటిచ్చేశాడు. ఇక పుస్తకం సంగతేమిటి? మనసు అటూ ఇటూ కొట్టుకుంటుండగా ఎదురుగా సుందరరావుగారు కనిపించారు, కోటిపల్లి గట్టు మీద, టిక్కెట్ల పుస్తకం ఊపుతూ, పరిగెత్తుకొస్తూ.

తులసి ఉలిక్కిపడింది. తను కోటిపల్లికి వీపు పెట్టి కదా కూర్చుంది. లేవలేదు, మెడ తిప్పలేదు. కోటిపల్లి గట్టు మొహానికి ఎదురుగా ఎలా వచ్చింది? వచ్చింది మరి. పంటు గట్టు నుంచి వెనక్కి జరిగి, అరచుట్టు తిరిగి, ముక్తేశ్వరం దారి పట్టింది. పుట్టిన దగ్గర్నుంచీ ఎక్కుతున్న పంటు. ఎప్పుడూ గమనించలేదు.

"గంగరాజూ, మావయ్య!"

"మామూలేనండీ. వెనక ట్రిప్పుకి వస్తారు."

ఆదివారం తులసి కుర్చీలోంచి లేవకుండా రాసింది. సోమవారం సుందరరావుగారు చదివారు. హర్ష ముందు పంటెక్కి, షరతు ప్రకారం ఏటివైపే చూస్తూ కూర్చున్నాడు. వెనకాల వస్తున్న కుమారికి గట్టు మీద చెప్పు తెగింది. ఆ పిల్ల వంగి చెప్పు తీసేలోపు పంటు కదిలింది. పాపం, వీడికి తెలీదు. పంటు అరచుట్టు తిరిగింది, గట్టు మీద ఒంటరిగా నిలబడ్డ కుమారి ఎదురుగా కనిపించింది. "ఆపండి!" అన్నాడు. పంటు వెనక్కి వెళ్ళి ఆ పిల్లని ఎక్కించుకుంది. పాతాళరాజు ఫోన్ చేసి, చూశావు కదా, పిల్ల నాదే అన్నాడు. పుట్టింటి నుంచి రాణీగారు లైన్లోకి వచ్చింది. "తిరిగింది పంటు. వాడు కాదు. ఫోన్ పెట్టెయ్యండి."

పంటు మీద చప్పట్లు. గంగరాజయితే, కథలో తనకి వేషం ఉందని హారను కొట్టాడు. వీరాయమ్మ గంపలోంచి గుప్పెడు ఎండురొయ్యలు తీసి కాగితంలో చుట్టి తులసి ఒళ్ళో పెట్టింది.

మర్నాడు యాప్ ఎడిటరు ఫోన్ చేసి, మూలకథకి అన్యాయం చేశారని పావుగంట చీవాట్లు పెట్టాడు. పుస్తకం మాట ఎత్తలేదు. పెట్టేసేముందు మాత్రం గొంతు తగ్గించి, "అన్నట్టు, ఆఖరికి వాళ్ళ పెళ్ళయిందాండీ?" అన్నాడు.

రెండు నెలలు గడిచాయి. ఒక మధ్యాహ్నం కోటిపల్లి రేవులో పంటు నిండా జనం ఉండగా, వీరాయమ్మ గంప లేకుండా ఎక్కింది. ఆవిడ వెనకాల, పెద్ద సంచీ మోసుకుంటూ, సత్యదుర్గ.

అందరూ చూస్తున్నారు. సుందరరావుగారు టిక్కెట్టు చింపబోయి, మానేసి, పంటు చివరికి వెళ్ళి ఏ పనీ లేని తాడొకటి సర్దడం మొదలుపెట్టారు. అది సర్దేసి మళ్ళీ విప్పారు. ఏరు సగం దాటింది.

"ఏం బాబూ, అడగవేం?" అని కేకేసింది వీరాయమ్మ.

"ఏవడగమంటారండీ?"

"అదే. అందర్నీ అడుగుతావు కదా."

సుందరరావుగారు కండువాతో మొహం తుడుచుకుని దగ్గరికి వచ్చారు. ఇంజనుని మించే ఆ గొంతు ఆ పూట పక్కవాళ్ళకి కూడా సరిగ్గా వినపడలేదు.

"ఆఖరికి... ఏవైందండీ?"

"వచ్చేసింది బాబూ," అంది వీరాయమ్మ.

"అలాగంటే ఎలాగే అమ్మా, మొదట్నుంచీ చెప్పాలి," అని సత్యదుర్గ కాళ్ళు ముడుచుకుని కూర్చుంది. "మీరు ఇప్పించిన నంబరుకి ఫోన్ చేసేను బాబాయిగారూ. శుక్కురవారం పొద్దున్నే చెత్త పారేసే వంకన బయటికి రమ్మన్నారావిడ. వచ్చేనండీ. చేతిలో చెత్తబుట్ట, ఒంటి మీద పైపైన మూడు జతల బట్టలు. గేటు తీసేసరికి ఎదురుగా ఎవరు నిలబడ్డారనుకున్నారు..."

పంటు ముక్తేశ్వరం రేవుకి తగిలింది.

ఒక్కరూ దిగలేదు. ఆటోవాడు తాళం తిప్పలేదు, మోటారు సైకిళ్ళు కదల్లేదు. గంగరాజు ఇంజను ఆపేసి, చెయ్యి తుడుచుకుంటూ వచ్చి జనం మధ్య చోటు చేసుకుని కూర్చున్నాడు.

గట్టు మీద ఎక్కడానికి నిలబడ్డవాళ్ళు కాసేపు చూశారు. "ఏవైందండీ? దిగరేంటండీ?" అని అరిచారు.

"కాసేపుండండీ," అన్నాడు గంగరాజు, వెనక్కి తిరక్కుండానే. "మేం వింటున్నదీ అదే."