సూదికి మూత పెట్టిన అక్క

మా శంషాబాద్‌లో ఇంటింటికీ వచ్చి పరీక్షలకు రక్తం తీసే అక్క ఒకామె ఉంది. ఆమె మీద ఒకసారి నాకు పట్టరాని కోపం వచ్చింది. ఇప్పుడు తలచుకుంటే నాకే సిగ్గేస్తుంది.

మూడో నెలలో నా కడుపు పోయింది. ఎయిర్‌పోర్టులో టిఫిన్ కౌంటర్ దగ్గర గంటలకొద్దీ నిలబడడం వల్లేనన్నారు చుట్టాలు. నేనూ నమ్మాను. డాక్టరమ్మ మాత్రం థైరాయిడ్ కొంచెం మందగించిందని, రెండు నెలలయ్యాక మళ్లీ చూద్దామని చెప్పింది. ఈసారి యాంటీబాడీల పరీక్ష కూడా రాసింది. ఒంటిని రోగాల నుంచి కాచే శక్తే ఆ గ్రంథి మీద తిరగబడుతోందేమో అందులో తెలుస్తుందట. అదే అయితే మళ్లీ కడుపు రాకముందే మందు మొదలుపెడదామంది.

పరీక్ష రోజు షిఫ్టు మార్చుకుని పరగడుపున కూర్చున్నాను. గుక్కెడు నీళ్లతో జుట్టు గోలీ మాత్రం వేసుకున్నాను. దువ్వెన నిండా వెంట్రుకలు ఊడి వస్తుంటే ఆరాంఘర్‌లో మందుల షాపులో కొన్నవి అవి. గోలీ తిండి కాదు కదా!

అక్క సూది తీసే ముందు, అందరినీ అడిగినట్టే అడిగింది. "రాత్రి నుంచి ఏమేం మింగినవ్?"

"ఏం లేదక్కా."

ఆమె నోటిమాటతో ఊరుకునే రకం కాదు. "ఇంట్ల గోలీలు గిట్ల ఉంటె పట్టుకరా, చూస్త" అంది. తెచ్చిస్తే వెనక్కి తిప్పి చదివి, సూదికి మూత పెట్టేసింది.

"ఇయ్యాల రక్తం తియ్య చెల్లె. ఇందుల బయోటిన్ అనే విటమిన్ ఉంది. అది రక్తంల ఉంటె మిషన్ తప్పు చెప్తది. మూడు దినాలు ఆపు."

"మళ్లా షిఫ్టు ఎవరు మారుస్తరు? జర తీస్తే నీ సొమ్మేం పోతది?" అని అరిచి, ఆమె ముఖం మీదే తలుపేశాను. గోలీలు మాత్రం ఆ రోజే ఆపేశాను.

నాలుగో రోజు పొద్దున్నే, నేను డ్యూటీకి బయలుదేరుతుంటే, పిలవకుండానే వచ్చింది.

"కోపం నా మీద ఉండనియ్. చెయ్యి మాత్రం ఇటియ్యి."

ఒక్కటే పోటు, నొప్పే తెలియలేదు. అబ్బ, ఏం చెయ్యి అది!

యాంటీబాడీలు బాగా ఎక్కువున్నాయని తేలింది. డాక్టరమ్మ మందు రాస్తూ, "పోయినసారి ఎందుకు పోయిందో ఖాయంగా చెప్పలేను. నువ్వు నిలబడి పని చేసినందుకు మాత్రం కాదు" అంది. బయటికొచ్చాక ఏడుపు ఆగలేదు.

ఏడాది తిరక్కముందే నెల తప్పింది. మా ఆయన కన్నా ముందు ఆమెకే ఫోన్ చేశాను. ఆదివారం, చర్చికి పోయే తెల్లచీరలోనే వచ్చింది.

"కడుపుతోని ఉంటె థైరాయిడ్ గోలీ పెంచాల్సి వస్తది, ఆలస్యం చెయ్యొద్దు" అంటూ రక్తం తీసి, దూది అదిమిపెట్టింది. "మూడో నెల దాటేదాక నాకు భయమే చెల్లె" అని ఒప్పుకుంది.

దాటిన రోజు ఫోన్ చేసి చెప్పాను. రోజూ ఎంతమంది రక్తమో చూసే మనిషి, నా ఒక్క బిడ్డ నిలిచిందని అవతల వెక్కివెక్కి ఏడుస్తోంది.