నతానియేలు మిషను ఆపిన పూట

రోడ్డు మీద టీ కొట్టు పెట్టుకున్నవాడికి ఊళ్ళో అందరి సంగతులూ తెలుస్తాయంటారు. తెలుస్తాయి. తెలిసి ఏం ఒరిగింది? రాజ్యమ్మ గారు ఎందుకు పోయిందో నాకు తెలుసు. నేను చెబితే ఎవరూ నమ్మరు. చెప్పాల్సిన మనిషి తన నోటితో తాను చెప్పుకుంటేనే నమ్మలేదు, ఇక నాదెంత.

ఆ మనిషి పేరు నతానియేలు. మా ఊరి మంచినీళ్ళ ట్యాంకు ఆపరేటరు. నా కొట్టు ఊరికీ పల్లెకీ మధ్య, బస్సులు ఆగేచోట ఉంది. ఊరంటే మిరప, పత్తి వేసే రైతులు. పల్లె అంటే కాలవకు అవతల చర్చి చుట్టూ ఉండే కూలీ జనం, ఇద్దరు ముగ్గురు టీచర్లు. నతానియేలుది పల్లె. పొద్దున్నే ట్యాంకు దగ్గరికి పోతూ నా దగ్గర టీ తాగేవాడు. గ్లాసు బల్ల మీద పెట్టేటప్పుడు చప్పుడైనా చేసేవాడు కాదు. "ఆయన్ని చూసైనా నేర్చుకోవయ్యా కాస్త నెమ్మది" అని మా ఆవిడ అనీసా నన్ను దెప్పేది. నాకు ఒళ్ళు మండేది.

కుర్రతనంలో గుంటూరులో మిర్చి టిక్కీలు, అంటే బస్తాలు, మోశాడట. ఆ ఘాటుకి దగ్గు పట్టుకుని వదలకపోతే మానేసి వచ్చి ట్యాంకు పనిలో కుదిరాడు. తర్వాత ఎవరో దయగలవాళ్ళు ఊరికి ఒక మిషను ఇచ్చారు. బ్లీచింగు పౌడరు సంచులు తెచ్చి కలిపే బాధ లేకుండా, మందు అక్కడికక్కడే తయారు చేసే మిషను. తొట్టిలో ఉప్పునీళ్ళు పోస్తారు. అందులో మునిగి ఉన్న రేకులకు కరెంటు ఇస్తారు. సన్నటి బుడగలు లేస్తూ, కొన్ని గంటల్లో ఆ ఉప్పునీళ్ళే మందునీళ్ళయి కూర్చుంటాయి. దాన్ని ట్యాంకులోకి బొట్లు బొట్లుగా వదిలితే నీళ్ళలో పురుగూ పుట్రా చచ్చిపోతుంది.

మొదట్లో నేను నమ్మలేదు. ఉప్పుకి కరెంటు పెడితే మందెట్లా అవుద్దన్నాను.

"ఉప్పులోనే ఉందయ్యా ఆ ఘాటు. కరెంటు దాన్ని విడదీసుద్ది, అంతే" అన్నాడు నతానియేలు.

ఆ గదిలోకి నన్ను బీడీతో రానిచ్చేవాడు కాదు. ఆ బుడగల్లో అంటుకునే గ్యాసు కూడా ఉంటుందట. కిటికీలు ఎప్పుడూ బార్లా తీసి ఉంచేవాడు. సముద్రం ఒడ్డు కొటార్ల నుంచి వచ్చే ముతక ఉప్పు వేస్తే రేకులకు సున్నంలా తెల్లగా పట్టేస్తుందని, కడిగిన ఉప్పే కావాలని కమిటీతో పోట్లాడేవాడు. పోట్లాట అంటే మళ్ళీ ఆయన తరహా పోట్లాటే. చేతులు కట్టుకుని అడిగిందే అడగడం.

ఇంకో సంగతి కూడా అలాగే అడిగీ అడిగీ విసిగిపోయాడు. పల్లెకు పోయే నీళ్ళ గొట్టం కాలవ కింద నుంచి వెళ్తుంది. కాలవంటే పేరుకే, ఊరి మురుగంతా అందులోనే. అక్కడ గొట్టానికి అతుకు విరిగింది. ట్యూబు ముక్క చుట్టి కట్టారు. నీళ్ళ ధార సన్నబడినప్పుడల్లా ఆ సందులోంచి మురుగు లోపలికి పోతుంది. మార్పించండని నీళ్ళ కమిటీ పెద్ద వెంకటనారాయణ గారికి చెబుతూనే ఉన్నాడు. ఆయన చూద్దాంలే అనేవాడు. ఊరి వీధుల గొట్టాలైతే ఎప్పుడో మార్చారు. పల్లెది కదా, చూద్దాం అన్నమాట.

అందుకని నతానియేలు మందు కాస్త ఎక్కువే వదిలేవాడు. పల్లె చివరి కుళాయి దగ్గర నీళ్ళు పట్టి, సీసాలోంచి చుక్కలు వేసి, మందు ఉన్నట్టు లేత పసుపు రంగు తేలితేనే ఇంటికి పోయేవాడు. అక్కడ పసుపు తేలేంత మందు వేస్తే ఇక్కడ ట్యాంకు పక్కన నా కొట్లో వాసన రాక ఏమవుతుంది?

"అష్రఫూ, ఇది టీనా, ఆసుపత్రి గచ్చు కడిగిన నీళ్ళా?" అనేవాడు వెంకటనారాయణ గారు. అందరూ నవ్వేవాళ్ళు. తిట్లు మాత్రం నతానియేలుకి.

ఇక పల్లెలో చర్చి పక్కన కొత్త హాలు కట్టుకున్నారు. ప్రతిష్ఠ రోజున భోజనాలు పెట్టి ఊరివాళ్ళని కూడా పిలవాలనుకున్నారు. ఇక్కడ మా ఊరి పద్ధతి ఒకటి చెప్పాలి. పల్లెలో పెళ్ళయినా, పండగయినా పిలిస్తే ఊరి పెద్దలు వస్తారు. రారని కాదు. కుర్చీల్లో కూర్చుంటారు. మూత తీయని కూల్‌డ్రింకు సీసా చేతికిస్తే, వాళ్ళే మూత తీసుకుని తాగి, కవరు చదివించి లేస్తారు. అన్నం దగ్గరికి వచ్చేసరికి ఒకడికి షుగరు, ఒకడికి శనివారం. మాలాంటి తురకోళ్ళం మాత్రం కూర్చుని తినేసి వచ్చేవాళ్ళం.

ఈసారి ఆ పద్ధతి తప్పించింది రాజ్యమ్మ గారు. వెంకటనారాయణ గారి తల్లి ఆవిడ. నతానియేలు భార్య జయకుమారి పెళ్ళయి వచ్చిన దగ్గర్నుంచీ ఆవిడ కళ్ళంలోనే మిరపకాయల తాలు ఏరేది. ఇద్దరూ పక్కపక్కన కూర్చుని ఏరుతూ ముసలిదయింది ఒకరు, నడివయసుకొచ్చింది ఒకరు. పిలవడానికి వెళ్ళిన జయకుమారితో ఆవిడ అందరి ముందూ అన్నదట.

"వస్తానే. సీసా ఇచ్చి పంపించావంటే నీ నెత్తిన కొడతా. నీ చేతి అన్నమే తింటా. నాతో పాటు మావోళ్ళని కూడా తీసుకొస్తా."

అన్నట్టే కొడుకుని ఒప్పించింది. మరికొన్ని ఇళ్ళవాళ్ళు సరేనన్నారు. పల్లె అంతా ఒకటే సంబరం. వంటకి పెద్ద జయకుమారే. ప్లాంటు నీళ్ళ టిన్నులు తెప్పిద్దామని కుర్రాళ్ళు అంటే పెద్దలు ఒప్పుకోలేదు. తింటే మన అన్నం తినాలి, తాగితే మన కుళాయి నీళ్ళు తాగాలి, టిన్ను నీళ్ళు తాగితే సీసా తాగినట్టే కదా అన్నారు. అదీ నిజమే అనిపించింది నాకు.

అక్కడ మొదలైంది నతానియేలుకి గుబులు. గ్లాసు నోటి దగ్గర పెట్టుకోగానే మందు వాసన కొడుతుంది. ఎవరో ఒకరు ముఖం చిట్లించి పక్కన పెడతారు. ఆ పెట్టడం వాసనకా, పల్లె నీళ్ళు కాబట్టా? ఎవరు చెప్పగలరు? వాళ్ళకి ఒక సాకు దొరుకుతుంది, ఆ సాకు తన చేతి మీదుగా దొరుకుతుంది. ఇదీ ఆయన బాధ. ముందురోజు సాయంత్రం ట్యాంకు నింపేటప్పుడు మిషను ఆపేశాడు. ఒక్క పూట. నీళ్ళు నిండుగా వదిలితే మురుగు లోపలికి రాదులే అనుకున్నాడు.

అలాగే వదిలాడు కూడా. అయితే అది పత్తికి పురుగుమందు కొట్టే కాలం. పొద్దున్నే ఊళ్ళో రైతులంతా కుళాయిలకు పైపులు తగిలించి డ్రమ్ములు నింపుకున్నారు. పల్లె దగ్గర ధార చిటికెన వేలంత అయింది. వంటల హడావుడిలో ఎవరు చూశారు?

భోజనాలు బ్రహ్మాండంగా జరిగాయి. నేనూ బంతిలో ఉన్నాను. రాజ్యమ్మ గారు పలావు మారు వడ్డించుకుని, గ్లాసుడు నీళ్ళు గటగటా తాగి, "ఏమే జయకుమారీ, ఇన్నేళ్ళూ ఈ చెయ్యి దాచిపెట్టావే" అంది. జయకుమారి కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. వెంకటనారాయణ గారు కూడా తిన్నాడు, ఏదో కెలికినట్టు నాలుగు ముద్దలు. నీళ్ళు మాత్రం ముట్టుకోలేదు. నతానియేలు గోడవారగా నిలబడి ఎవరు గ్లాసెత్తినా వాళ్ళ ముఖంకేసే చూశాడు. ఎవరూ ముఖం చిట్లించలేదు. ఆ రోజు ఆయన నవ్వడం చూశాను. అందరూ వెళ్ళాక పోయి మిషను వేశాడు.

మర్నాటికి మొదలయ్యాయి వాంతులూ విరోచనాలూ. పల్లెలో ఇంటికొకరు పడ్డారు. నేనూ పడ్డాను, కళ్ళు లోపలికి పోయి శవంలా అయ్యాను. బంతిలో కూర్చున్న ఊరివాళ్ళు పడ్డారు. రాజ్యమ్మ గారిని గుంటూరు తీసుకెళ్ళారు. ఒంట్లో నీరంతా పోయిందన్నారు. పెద్ద వయసు, తట్టుకోలేకపోయింది. తిరిగి వచ్చింది శవమే.

మండలం నుంచి మనుషులు వచ్చి నీళ్ళు సీసాల్లో పట్టుకెళ్ళారు. అప్పటికి మందు బాగా కలిసిపోయి ఉంది. నీళ్ళు శుభ్రంగా ఉన్నాయి, తిండి చెడి ఉంటుంది అని చెప్పి చక్కాపోయారు. ఇంకేముంది. ఊళ్ళో తమ ఇళ్ళలో నీళ్ళు తాగినవాళ్ళకి ఏమీ కాలేదు, పల్లెలో తిన్నవాళ్ళకే అయింది. "అందుకే పెద్దోళ్ళు వెళ్ళేవాళ్ళు కాదు" అన్నారు. నా కొట్లో కూర్చుని, నా టీ తాగుతూ అన్నారు. నేనూ పడ్డాను కదరా, పల్లెవాళ్ళూ పడ్డారు కదరా అంటే, చేతులు శుభ్రం లేకపోతే ఎవడైనా పడతాడన్నారు.

ఆ మాట జయకుమారి దాకా వెళ్ళింది. ఆవిడ వంట మానేసింది. చుట్టుపక్కలవాళ్ళు ఇచ్చింది తింటున్నారు మొగుడూ పెళ్ళాం. పొద్దస్తమానం సబ్బు పెట్టి చేతులు రుద్దుకునేది, చర్మం లేచిపోయి మిరపకాయలు ముట్టుకోలేని స్థితికి వచ్చింది. మాంసం కడిగిన చేత్తోనే గరిటె పట్టానేమో, పెరుగుపచ్చడి ముందే కలిపేశానేమో అని అదే ఆలోచన. నతానియేలు ఆవిడ ముందు కూర్చుని మిషను సంగతి చెప్పాడు. ఆవిడ నమ్మలేదు.

"నా కోసం అబద్ధం ఆడబాకు. నువ్వు మిషను ఆపుతావా? నాకు చెప్పకుండా ఆపుతావా?" అందట.

ఆ మాట నాతో చెబుతూ ఏడ్చాడు. అప్పుడు తెలిసింది నాకు జరిగినదంతా. కోపం రాలేదా అంటే వచ్చింది. చచ్చి బతికినవాణ్ణి. అయినా ఆ ముఖం చూసి ఇంకో టీ పోసిచ్చాను.

"వెంకటనారాయణ గారికి చెబుతాను. ఆయన ఔనంటే అది నమ్ముద్ది. ఉద్యోగం పోతే పోయింది, పోలీసులకు పట్టిస్తే పట్టించనీ. దానికి ఆ చేతులు మళ్ళీ బాగుపడితే చాలు" అన్నాడు.

రాజ్యమ్మ గారి పెద్దకర్మ అయ్యాక ఒక పొద్దున జయకుమారిని వెంటబెట్టుకుని నా కొట్టు దగ్గరికి వచ్చాడు. వెంకటనారాయణ గారు బెంచీ మీద ఉన్నాడు, గుండుతో. జయకుమారి రోడ్డు పక్కనే ఆగిపోయింది, కొంగులో చేతులు చుట్టుకుని.

"అమ్మగారిది అన్నం వల్ల కాదండి, నీళ్ళ వల్ల" అన్నాడు నతానియేలు. "ముందురోజు నేను మిషను ఆపానండి. మీరు తాగేటప్పుడు వాసన రాకూడదని. కాలవ కింద అతుకు సంగతి తెలిసే ఆపానండి. తప్పు నాది. మా ఆడవాళ్ళది కాదు."

వెంకటనారాయణ గారు గ్లాసు కింద పెట్టాడు. "నీళ్ళు బాగున్నాయన్నారు గదరా."

"మీరంతా వెళ్ళాక మళ్ళీ వేశానండి. వాళ్ళు పట్టుకెళ్ళింది ఆ నీళ్ళండి."

"మా ఇంట్లో తాగినోళ్ళకి ఏం కాలేదే?"

"కాలవ దాటాకే చెడతాయండి. గొట్టం సంగతి మీకు చెబుతూనే ఉన్నాను గదండీ."

ఆయన తల తిప్పి కాలవ వైపు చూశాడు. నమ్ముతున్నాడనే అనుకున్నాను. నమ్మితే గొట్టం ఆయన మెడకు చుట్టుకుంటుంది. అందుకో, నిజంగానే నమ్మబుద్ధి కాలేదో, ఇప్పటికీ నాకు అంతుపట్టదు.

"ఊరుకోరా నతానియేలూ" అన్నాడు చివరికి, మెత్తగానే. "మీ ఆడోళ్ళ మీద మాట పడిందని నెత్తినేసుకుంటున్నావు. ఇన్నేళ్ళలో ఒక్క పూట మిషను ఆపనోడివి, మా అమ్మ వచ్చే రోజే ఆపుతావా? నీ మంచితనం నాకు తెలవదా? ఎవర్నీ ఏమీ అనను. పోయి పని చూసుకో."

"నిజమేనండి, నాతో కూడా చెప్పాడు" అన్నాను నేను.

"నువ్వూరుకో అష్రఫూ" అని లేచి వెళ్ళిపోయాడు.

నతానియేలు అక్కడే నిలబడిపోయాడు. జయకుమారి దగ్గరికి వచ్చి ఆయన మోచెయ్యి పట్టుకుంది.

"పద ఇంటికి" అంది. "ఆయనక్కూడా తెలుసు, నా చేతి వల్లేనని."