పక్క సీటు మీద రుమాలు

దయ్యాలనీ మహిమలనీ నేను ఎన్నడూ నమ్మలేదు. పరవాడలో ఒక మందుల కంపెనీ ల్యాబులో పనిచేస్తాను. కొలిచి చూడనిదే దేన్నీ ఒప్పుకోను. అయినా ముందు ఆ రోజు నేను చేసిన తప్పు చెప్పుకోవాలి. ఒక అమ్మాయి మనసులో దాచుకున్నదాన్ని బస్సులో అందరి ముందూ బయటపెట్టాను.

లలిత మా ల్యాబులోనే పనిచేస్తుంది. సెలవు రోజుల్లో కూర్చుని సొంతంగా ఒక విజువల్ నావెల్ తయారుచేసింది. ఫోన్లో బొమ్మలూ మాటలూ వస్తుంటాయి. అక్కడక్కడా రెండు దారులు చూపిస్తుంది, మనం నొక్కినదాన్ని బట్టి కథ సాగుతుంది. నేను ఫేస్‌బుక్‌లో కథల గురించి రాస్తుంటానని తెలిసి, నెల కిందట నాకొక్కడికే పంపింది.

"ఎలాగుందో సూసి సెప్పు అన్నయ్యా. ఎవులికీ సూపించకు" అంది.

కథలో ఒక అమ్మాయి రోజూ బస్సులో పక్క సీటు మీద రుమాలు వేసి ఒకతని కోసం ఆపుతుంది. అతను వచ్చి కూర్చుంటాడు. ఆమె కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోతుంది.

మా కంపెనీ బస్సులోనూ రుమాలు వేసి సీటు ఆపడం మామూలే. లలిత కూడా బాయిలర్ దగ్గర పనిచేసే సూరిబాబు కోసం ఆపేది. ఎవరూ పట్టించుకోలేదు, నేను నోరు విప్పేదాకా.

ఆ ఉదయం అనకాపల్లిలో బస్సెక్కగానే నా తెలివి చూపించుకోవాలనిపించింది. పక్కనున్న అప్పారావుకి ఆ కథ చెప్పి, నిలబడి గట్టిగా వివరించాను. "రుమాలంటే సీటు కాదు బావా, నోటికి రాని మాట. మడత విప్పి పరిసిన మనసు."

"అయితే మన బస్సులో ఆ మనసు ఎవులిదేటి బావా?" అన్నాడు.

నేను లలిత పక్క సీటు వైపు చూశాను. బస్సంతా నవ్వింది. అప్పుడే ఎక్కిన సూరిబాబు తల దించుకుని వెనక్కి వెళ్లిపోయాడు. లలిత రుమాలు తీసుకుని, పనికి రాకుండా దారిలో లంకెలపాలెంలోనే దిగిపోయింది.

మధ్యాహ్నం క్యాంటీన్లో ఆ కథ మళ్లీ తెరిచాను. 'ఊరుకోవాలి', 'మాట్లాడాలి' అనే దారుల్లో ఎప్పుడూ మొదటిదే నొక్కేవాణ్ణి. ఈసారి రెండోది నొక్కాను.

తెర మీద ఒక బస్సు. అందులో ఒకడు నిలబడి మాట్లాడుతున్నాడు. "రుమాలంటే సీటు కాదు బావా..." ఒక్క అక్షరం తేడా లేదు. అతని చొక్కా ఎడమ చేతి మీద టీ మరక ఉంది. నా చొక్కా చూసుకున్నాను. పొద్దున్న బస్సు కోసం కంగారులో ఒలకబోసుకున్న టీ మరక అక్కడే ఉంది.

తర్వాతి బొమ్మలో ఆ అమ్మాయి కంప్యూటర్ ముందు కూర్చుని కథంతా చెరిపేస్తోంది.

ఫైల్ తేదీ చూశాను. నెల కిందటిదే. వెంటనే లలితకి ఫోన్ చేశాను.

"ఇప్పుడే సెరిపేసేను అన్నయ్యా. ఏడాది పని. ఇంకా ఏటి సెప్తావు?"

ఆ బస్సు సీను గురించి అడిగాను. "అలాటి సీను నేను రాయనేదు" అంది.

మర్నాడు ఆమె బస్సెక్కింది కానీ రుమాలు వేయలేదు. నేను నిన్నటి చోటే నిలబడ్డాను. "నమ్మి ఇచ్చిన కథని నవ్వులపాలు సేసేను. తప్పు నాది" అని అందరికీ వినబడేలా చెప్పాను. మిగిలిన ఒకే ఒక్క కాపీ ఉన్న నా ఫోన్ ఆమె చేతిలో పెట్టాను.

ఆమె నా ఎదుటే రెండో దారి నొక్కింది. తెర మీద కిటికీ, ఖాళీ సీటు, రుమాలు. నిలబడ్డ మనిషి లేడు. ఎలా జరిగిందో ఇప్పటికీ చెప్పలేను.

ఆ కాపీ చూసుకుంటూ ఆమె కథంతా మళ్లీ కట్టుకుంది. నేను కథలకు అర్థాలు చెప్పడం మానేశాను. ఇది కూడా పేర్లు మార్చి, ఆమె చదివి ఒప్పుకున్నాకే పంపుతున్నాను.

ఈ మధ్య ఆమె పక్క సీటు మీద మళ్లీ రుమాలు కనిపిస్తోంది. అది కనబడగానే నేను కిటికీ వైపు తిరిగి కూర్చుంటాను.