గీకేసిన వేళ్లు

నా చేతిపని తలుచుకుంటే నాకే అసహ్యం. నరసరావుపేటలో ఒక ఫోటో స్టూడియోలో నేను చేసిన ఉద్యోగం, మనుషుల వెనక ఉన్నదాన్ని చెరిపేయడం. గాజు నెగటివు మీద ఎర్రరంగు పూస్తే ఆ మేరకు ఫోటోలో తెల్లగా వస్తుంది. రంగుతో పోనిదాన్ని సన్న కత్తితో గీకేవాణ్ణి, గీకినచోట ఫోటోలో ముదురుగా పడుతుంది. గీకింది ఇక తిరిగి రాదు.

యుద్ధం రోజులవి. గాజు ప్లేట్లకు కరువు, మనిషికి ఒక్కటే ప్లేటు. శావల్యాపురం మోతుబరి ఇంటి పెద్దావిడ ఒకామె, ఏడాది మనవణ్ణీ విధవ కోడల్నీ వెంటబెట్టుకొని వచ్చింది. మాచర్లలో పిల్లల్లేని బంధువులకు ఆ పిల్లవాణ్ణి దత్తత ఇస్తున్నారట. వాళ్లింట్లో పెట్టుకోవడానికి ఫోటో కావాలి. వాడేమో తల్లిని వదిలి క్షణం కూర్చోడు.

"దాన్నే కూచోబెట్టి పైన దుప్పటి కప్పండి, ఒళ్లో పిల్లోడుంటాడు. తర్వాత దుప్పటి చెరిపెయ్. శుభమా అని ఇచ్చే ఫోటోలో ముండమోసింది కనపడకూడదు, దాని వేలు కూడా," అంది పెద్దావిడ.

ఛీ, ఏం మనుషులు! మండు వేసవిలో, రేకుల కప్పు కింద, ఆ కోడలుపిల్లకు తలమీదుగా ముతక దుప్పటి కప్పాం. కప్పింది నేనే. పిల్లవాడి నడుం పట్టుకున్న వేళ్లు మాత్రం బయట మిగిలాయి.

అత్త చెప్పులేసుకుంటుంటే కోడలు నా దగ్గరకు వచ్చింది.

"అన్నా, నా వేళ్లు చెరిపేముందు ఒక్క కాపీ తీసివ్వవా? వాడు పోతే నాకేం మిగల్దు."

"అట్టాగేనమ్మా, కవర్లో పెట్టి నీ చేతికే ఇస్తా," అన్నాను.

తీశానా? లేదు. అత్తకు తెలిస్తే రచ్చ, యజమానికి తెలిస్తే ఉద్యోగం పోతుంది. అంత పిరికి సన్నాసిని. ముదురు చొక్కా మీద తెల్లగా కనపడే ఆ వేళ్లను ఒక్కొక్కటే గీకి, పెన్సిలుతో చొక్కా ముడతలు దిద్దాను. పని కుదిరిందని మురిసిపోయాను కూడా. థూ!

వారానికి, పిల్లవాణ్ణి మాచర్లలో ఇచ్చి రావడానికి రైలుకు పోతూ వచ్చారు. పెద్దావిడ కవర్లోంచి ఫోటో తీసి చూసింది.

"చానా బాగా చేశావు నాయనా. ఎవరూ పట్టుకోనట్టే కూచున్నాడు!"

ఫోటో పట్టుకొని ఆమె వాకిట్లోకి నడిచింది. కోడలు కవరందుకొని లోపల చేయి పెట్టింది. మళ్లీ పెట్టింది. వెలుగుకేసి తిప్పి తొంగిచూసింది. కవరు బల్లమీద పెట్టి, బిడ్డను చంకనెత్తుకొని స్టేషనుకు పోయింది.