పిన్ని నింపిన ఫారాలు

మా పిన్ని బట్టలు కుడుతుంది. నోట్లో గుండుసూదులు పెట్టుకుని కూడా ఎదుటివాళ్ళని చెడామడా తిట్టగలదు. టైలర్ల ఒంటినొప్పుల మీద నేను పరిశోధన మొదలుపెడితే, "అందులో పరిశోధించడానికేముందే? నొప్పులుంటాయి, అంతే" అని తేల్చేసింది.

ప్రశ్నలతో ఒక ఫారం తయారుచేసి ఫేస్‌బుక్‌లో పెట్టాను. నెల తిరిగేసరికి లైకులు నూటపది, జవాబులు తొమ్మిది. లైకు కొట్టినవాళ్ళంతా నాలాంటి చదువుల వాళ్ళే. అరవై జవాబులైనా లేకపోతే ఈ ఏడాది థీసిస్ మాట మరిచిపొమ్మని మా గైడు మేడం ఖరాకండిగా చెప్పేశారు.

గత్యంతరం లేక లింకు పిన్నికి పంపి, వాళ్ళ టైలర్ల వాట్సాప్ గ్రూపులో పెట్టమన్నాను. వారంలో యాభై ఎనిమిది వచ్చిపడ్డాయి! ఎగిరి గంతేశాను. తీరా అవి వచ్చిన వేళలు చూస్తే గుండె జారిపోయింది. రోజూ పన్నెండు నుంచి మూడింటిలోపు, పావుగంటకొకటి చొప్పున వచ్చాయి. ఒంటిగంట నుంచి రెండింటిదాకా మాత్రం ఏ రోజూ ఒక్కటీ లేదు. అది పిన్ని అన్నం తిని కునుకు తీసే వేళ.

తిన్నగా పిన్ని కొట్టుకి వెళ్ళాను.

"నా కొంప ముంచావు పిన్నీ! అన్నీ నువ్వే నింపేశావా?"

"నేనే నింపాను. అయితే?"

"దొంగ జవాబులకి పట్టా ఇస్తారా?"

మెషిను ఆగింది. "దొంగవెందుకవుతాయే? గ్రూపులో పెడితే ఒక్కరికీ అర్థం కాలేదు. ‘అస్థి కండర సంబంధ అసౌకర్యం’ అంటే మామూలు మనిషికి తెలుస్తుందా? ఒక్కొక్కళ్ళకీ ఫోన్ చేసి, మెడ లాగుతోందా, వేళ్ళు తిమ్మిరెక్కుతున్నాయా అని అడిగి, చెప్పింది చెప్పినట్టు నొక్కాను. ముగ్గురు ఫోనెత్తలేదు. వాళ్ళ బాధ నాకు తెలిసిందే కదా అని నేనే రాసేశాను. కావాలంటే ఆ మూడూ తీసెయ్."

సిగ్గుతో చచ్చిపోయాను. ఆ మూడూ తీసేసి, మిగతావి ఫోనులో అడిగి తీసుకున్నవని థీసిస్‌లో రాస్తే చాలు. పాత తొమ్మిదితో కలిపి అరవై నాలుగు, నా చదువుకి ఢోకా లేదు.

"ఆఖరి ప్రశ్నకి అందరూ ఒకటే నవ్వు" అంది పిన్ని.

మీ నొప్పి గురించి ఇంతకుముందు ఎవరైనా అడిగారా అన్నది ఆ ప్రశ్న. యాభై ఐదుగురూ లేదనే చెప్పారట.

"మరి నీ ఫారం ఏదీ?" అన్నాను.

"నాకెవరూ ఫోన్ చెయ్యలేదుగా!"

అమ్మ పోయినప్పటి నుంచి నన్ను చదివించింది ఆ మెషినే. స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చుని ఒక్కో ప్రశ్నా అడిగాను. అన్నిటికీ ఓపిగ్గా చెప్పింది. ఆఖరి ప్రశ్న దగ్గరికొచ్చేసరికి అడక్కుండానే ఫోను పక్కన పెట్టేయబోయాను.

"లేదని నొక్కవే" అంది పిన్ని.