సరస వీపు మీద తాత వేలు

మోకాళ్ళకు రాయడానికి కోడలు నువ్వుల నూనె వెచ్చబెట్టినప్పుడల్లా, ఆ వాసనకు, తమిళనాడు ఆరణిలో రోజూ అదే నూనె ఒంటికి రాసుకున్న మా తాత గుర్తుకొస్తాడు. ఆ వెంటనే నా చెల్లెలు సరస మీద, ఈ వయసులో కూడా, కుళ్ళు పుడుతుంది.

మాది నేత ఇల్లు. రోజంతా గుంత మగ్గంలో కూర్చుంటే నడుము వంగిపోతుందని, మగ్గం వంచినదాన్ని ఆసనంతో నిలబెట్టాలని తాత అనేవాడు. మార్గళి నెల చలిలో, వీధి ముగ్గుల తడి ఆరకముందే, పేడతో అలికిన నేల మీద చాపలు పరిచి మా ఇద్దరినీ నిలబెట్టేవాడు. వృక్షాసనంలో ఒంటికాలి మీద వణుకుతుంటే, పొయ్యి మీది రాగి అంబలి వాసన, పడుగుకు పట్టించిన గంజి వాసన కలిసి వచ్చి ఆకలిని లేపేవి.

నా ఒళ్ళు చెప్పినట్టు వినేది. పశ్చిమోత్తానాసనంలో నుదురు మోకాళ్ళకు ఆనేది, సర్వాంగాసనంలో కాళ్ళు నిట్రాడులా నిలిచేవి. సరస మాత్రం భుజంగాసనంలో తల ఎత్తితే ఒక భుజం జారేది, కాళ్ళు పైకి లేపితే బియ్యం మూటలా పక్కకు ఒరిగి నవ్వేది. తాత దాని పక్కన గొంతుకూర్చుని, మెడ నుంచి కిందికి ఒక్కో వెన్నుపూసనూ వేలితో తాకుతూ, "ఇది మెడది, ఇది రొమ్ము వెనకది, ఈడ నుంచి లేయల్ల, నడుం విరగ్గొట్టుకోవద్దు" అనేవాడు. ఆ వేలు నా వీపు మీదికి ఒక్కనాడూ రాలేదు. ఒకరోజు ముందుకు వంగినప్పుడు కావాలనే మోకాళ్ళు మడిచాను. తాత చూసి, "నీకు తెలుసు గదే. సుమ్మా ఊరికే నటించొద్దు" అని మళ్ళీ దాని వైపే తిరిగాడు. ఆ పూట నేను అంబలి తాగలేదు.

బడికి కూడా దాన్నే పంపారు. నేను రాట్నం ముందు కండెలు చుడుతూ ఉండిపోయాను. తాత పోయాక, ఆయన మా ఆసనాల గురించి రాసుకున్న నోటుపుస్తకం సరసకే చేరింది; కానీ బడిలో అది నేర్చింది అరవం, తాత రాసింది తెలుగు. ఆ పుస్తకం ఏళ్ళ తరబడి దాని పెట్టెలోనే పడి ఉంది. నగరి నుంచి వచ్చిన నా కోడలి దగ్గర, నాకు యాభై దాటాక, దేవుడి పాటలు చదువుకోవడానికని చెప్పి అక్షరాలు దిద్దాను. నిజానికి తాత నా గురించి ఏం రాశాడో చూడాలని.

మొన్న కవరైపేట్టైలో సరస ఇంటికి పోయి, దాని పక్కనే కూర్చుని పుస్తకం తెరిచాను. దాని పేరు కింద ఆరు పేజీలు. కూడబలుక్కుంటూ పైకి చదివాను: ఎడమ భుజం దిగుతోంది, ఊపిరి బిగబడుతోంది, మడమ ఆనడం లేదు. మధ్యలో ఒక వాక్యం వచ్చింది: 'పడిపోయి నవ్వుతుంది, దిద్దబుద్ధి కాదు.' దాన్ని పైకి చదవకుండా మింగేసి కింది వరుసకు పోయాను.

నా పేరు కింద ఒకటే మాట, దాన్ని పైకే చదివాను. 'చూడనక్కర లేదు.'

"అంత బాగా చేస్తా ఉంటివి గదక్కా," అంది సరస. "నన్నయితే దినామూ ఒకటే దిద్దడం. నిన్ను చూస్తే నాకు కడుపు మండుతా ఉండె."

ఆరణి ఇంట్లో మగ్గం గుంత పూడ్చి పైన టైల్స్ వేశారు. చాపలు పరిచిన చోట ఎవరిదో మోటారు బైకు నిలిపి ఉంటుంది. తాత వేలు తెలిసిన వీపు ఈ లోకంలో ఇంక సరసది ఒక్కటే.

"నా గురించి ఇంకేమన్నా రాసినాడా?" అని అడిగింది సరస.

"అంతే," అన్నాను.