వాల్వు మూత మీద కూర్చున్న ఆడవాళ్లు

పని నీళ్లక్కది. ఉద్యోగం కౌన్సిలరుగారి బావమరిదిది. వార్డులో ఈ సంగతి తెలియని వాళ్లు లేరు. పొద్దున్నే పొడవాటి ఇనుప కడ్డీ భుజాన వేసుకుని, వీధి వీధికీ తిరిగి, గుంతల మూతలెత్తి, వాల్వులు తిప్పి నీళ్లు వదిలేది ఆవిడ. ఆఫీసు లెక్కలో మాత్రం ఆ వాల్వులు తిప్పేది అతను. వచ్చిన జీతంలో తనకు తోచినంత ఆవిడ చేతిలో పెట్టి, "పని ఇప్పించింది మేమే, మర్చిపోకక్కా" అనేవాడు. ఆవిడ తలూపి పుచ్చుకునేది.

ఏళ్ల తరబడి ఇదే వరస. భర్త లారీ మీద ఊళ్లు తిరుగుతాడు, ఎప్పుడొస్తాడో అతనికే తెలియదు. పిల్లలు చదువుకుంటున్నారు. నోరు తెరిస్తే ఉన్న పని కూడా ఊడుతుందని భయం. ఇంట్లో అత్తగారు మాత్రం ఊరుకునే మనిషి కాదు.

"ఏమే, ఆ బావమరిదిగారు వాల్వు ఎలా ఉంటుందో ఎప్పుడైనా చూశారా? పోనీ ఒక ఫొటో తీసి పంపు, చూసి మురిసిపోతారు."

"ఊరుకోండత్తయ్యా, ఎవరైనా వింటారు."

"వినాలనే కదా అంటా!"

వాల్వు తిప్పడం చూసేవాళ్లకు చిన్న పనే. కానీ ఒక్కసారిగా తెరిస్తే పైపులో ఉన్న గాలి దబదబా కొట్టుకుని అతుకులు ఊడిపోతాయి. కొంచెం తిప్పి ఆగాలి, మళ్లీ కొంచెం తిప్పాలి. ఆ ఆగే వేళ నీళ్లక్క ప్రార్థన చేసుకునేది. నీళ్లు ఏ వీధికి వెళుతున్నాయో ఆ వీధి వాళ్ల కోసం, ఇంటి తర్వాత ఇల్లు. మూలింటి ముసలాయన దగ్గు తగ్గాలి. మేడ మీది పిల్ల పరీక్ష గట్టెక్కాలి. మిట్ట వీధికి నీళ్లు ఎక్కడానికి ఎక్కువసేపు పడుతుంది కాబట్టి ఆ వీధి వాళ్లకు ప్రార్థన కూడా ఎక్కువే దక్కేది. వాళ్లలో చాలామంది గుడి గడపో చర్చి గడపో తొక్కని వాళ్లు. తమ కష్టసుఖాలన్నీ రోజూ ఒక మనిషి దేవుడికి చెప్పుకుంటోందని వాళ్లకు తెలియదు.

ఎన్నికలయ్యాయి. కౌన్సిలరు మళ్లీ గెలిచాడు, కానీ మిట్ట వీధి అతనికి ఓటెయ్యలేదు. ఒక రోజు నీళ్లక్కకు కబురొచ్చింది. వెళ్లేసరికి కౌన్సిలరు ఇంటి ముందు కుర్చీ వేసుకుని టీ తాగుతున్నాడు.

"మిట్ట వీధి వాల్వు కాస్త బిగించమ్మా. మొత్తం కట్టెయ్యొద్దు, గోల చేస్తారు. సన్నగా రానీ. ఎవరైనా అడిగితే పైపు పాతబడిందని చెప్పు."

"ఎందుకండీ?"

"ఎందుకేంటి? వాళ్లకి గుర్తుండాలి కదా." గ్లాసు కింద పెట్టి గొంతు తగ్గించాడు. "మా బావమరిదికి వేరే చోట చూశాను. ఈ ఉద్యోగం నీ పేరు మీదికి మార్చేస్తా. పిల్లలు గలదానివి, ఆలోచించుకో."

ఆయనకు నీళ్ల ట్యాంకర్లున్నాయి. కుళాయి ఎండితే మిట్ట వీధి వాళ్లు కొనుక్కోవాల్సింది ఆయన దగ్గరే. ఇంత చిన్న లెక్క వార్డులో ఎవరికీ విప్పి చెప్పనక్కర్లేదు.

మర్నాడు నీళ్లక్క వాల్వు బిగించింది. ఈ మాట రాయమని నాతో ఆవిడే చెప్పింది, దాచొద్దంది. మూత వేసి లేచేసరికి ఆ వీధిలో ఇస్త్రీ బండి నడిపే ఆవిడ బిందె పట్టుకుని ఎదురొచ్చింది.

"ఏంటక్కా, నీళ్లు చుక్కలు చుక్కలుగా వస్తున్నాయి?"

"పైపు పాతబడింది."

"పోన్లే, నువ్వున్నావుగా, బాగు చేయిస్తావు" అని ఆవిడ నవ్వి వెళ్లిపోయింది.

ఆ నవ్వు నీళ్లక్క వెంటే వచ్చింది. తర్వాతి వీధిలో వాల్వు దగ్గర కూర్చుంటే ప్రార్థనకు నోరు రాలేదు. "ఆ వీధి వాళ్ల కోసం రోజూ అడిగేది నేను. వాళ్ల గొంతు నొక్కిందీ నేనే. ఇంక ఏ మొహం పెట్టుకుని అడగను?" అని చెప్పింది నాతో.

పాస్టరుగారి దగ్గరకు వెళ్లింది. ఆయన చెడ్డవాడు కాదు. కానీ చర్చి ముందు రోడ్డు వేయిస్తానని కౌన్సిలరు మాటిచ్చి ఉన్నాడు.

"అధికారులకు లోబడి ఉండమని కదమ్మా మనం నేర్చుకున్నది?"

"లోబడతానయ్యగారూ. అయితే ఆ అధికారి పైన ఇంకొకాయన ఉన్నాడని కూడా మీరే నేర్పారు. దాహమన్నవాడికి నీళ్లిస్తే తనకిచ్చినట్టే అన్నాడాయన. మరి నేను ఎవరి కుళాయి కట్టేసినట్టు?"

పాస్టరుగారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.

ఆ సాయంత్రం చర్చిలో స్త్రీల ప్రార్థన కూడిక. ఇక్కడొక పద్ధతుంది. ఒక్కొక్కరూ లేచి తమ అక్కర పైకి చెప్పాలి, అందరూ దాని కోసం ప్రార్థించాలి. అక్కడ విన్నది గడప దాటకూడదని కట్టుబాటు. నిజం చెప్పాలంటే, అక్కడ చెప్పిన మాట చెప్పులు తొడుక్కునేలోపే వీధి చివరికి చేరిపోతుంది. అందుకే తెలివైనవాళ్లు తలనొప్పులూ మోకాళ్ల నొప్పులూ తప్ప ఇంకేం చెప్పరు.

నీళ్లక్క లేచి నిలబడింది.

"మిట్ట వీధి వాల్వు బిగించమని కౌన్సిలరుగారు నాతో చెప్పారు. ఈ పొద్దున బిగించాను. పైపు పాతదని అబద్ధమాడాను. రేపు పూర్తిగా తెరుస్తాను. తెరిచాక భయపడి మళ్లీ కట్టెయ్యకుండా నా కోసం ప్రార్థన చెయ్యండి."

వెనక నుంచి అత్తగారే ముందుగా "ఆమేన్" అంది, కూడిక వాళ్లందరూ ఉలిక్కిపడేలా.

మర్నాడు పొద్దున్నే ఆవిడ వాల్వు తెరిచింది, కొంచెం కొంచెంగా, ప్రతి ఇంటినీ తలుచుకుంటూ. పైన వీధిలో బిందెలు మోగడం వినిపించింది. అంతలో మోటారు సైకిలు మీద బావమరిది దిగాడు.

"ఏంటక్కా ఇది? బజారున పడేశావు కదా మమ్మల్ని! ఆ కడ్డీ ఇలా ఇవ్వు. ఇంక నువ్వు పనిలోకి రానక్కర్లేదు."

"తీసుకో తమ్ముడూ. ఉద్యోగం నీదే కదా."

అతను కడ్డీ అందుకుని తిరిగేసరికి మూత మీద ఇస్త్రీ ఆవిడ బాసింపట్టు వేసుకుని కూర్చుంది. ఆవిడ పక్కన ఇంకొకరు. మిట్ట వీధి మెట్ల మీంచి ఇంకా దిగుతున్నారు.

"లేవమ్మా, ప్రభుత్వ పని."

"నీ పనా? ఇన్నేళ్లకు తీరిందా బాబూ? చెయ్యి, చెయ్యి. ముందు నన్ను లేపు."

అత్తగారు గొడుగు వేసుకుని నెమ్మదిగా వచ్చి మధ్యలో చతికిలబడింది. "నేను కూర్చుంటే లేవలేను నాయనా, మోకాళ్లు. నువ్వే ఏదో ఒకటి చూసుకో."

ఎవరో పకపకా నవ్వారు. కాసేపటికి పాస్టరుగారు వచ్చారు. చర్చిలోని ప్లాస్టిక్ కుర్చీలు మోసుకొచ్చి ముసలివాళ్లకు వేసి, తాను నేల మీద కూర్చున్నారు. చర్చి ముందు రోడ్డు ఇప్పటికీ గుంతలే.

బావమరిది వెళ్లిపోయాడు. ఆ రోజు నుంచి మిట్ట వీధి ఆడవాళ్లు వంతులు వేసుకుని ఆ మూత దగ్గర కూర్చుంటున్నారు. వాల్వు తెరిచినట్టే ఉంది, నీళ్లు వస్తున్నాయి. నీళ్లక్కకు మాత్రం పని పోయింది. ఒక బడిలో గదులు ఊడుస్తోంది. తన పని తనకు తన పేరు మీదే ఇవ్వాలని, వాల్వు బిగించమన్న వాళ్ల మీద చర్య తీసుకోవాలని నీటి శాఖ ఆఫీసులో ఫిర్యాదు చేసింది. "మొండిదానివయ్యావు" అని వాళ్లాయన ఫోనులో అంటే, "ఇప్పుడైనా అయ్యాను, సంతోషించు" అందట.

భయం పోయిందా అని అడిగాను.

"ఎక్కడ పోతుంది? ఆఫీసు మెట్లెక్కుతుంటే ఇప్పటికీ వెనక్కి పోదామనిపిస్తుంది. ఈ రాజకీయాలు చూసి ఆశ పెట్టుకుంటే ఎప్పుడో చచ్చిపోయేదాన్ని. దేవుడు చూస్తున్నాడన్నది ఒక్కటే నా ధైర్యం. ఆ ధైర్యంతో ఒక అడుగేశాను. చూస్తే పక్కన ఇంతమంది!"

సోమవారం ఆ ఫిర్యాదు మీద విచారణ. మిట్ట వీధి వాళ్లు ఎలాగూ వస్తారు. వాళ్ల మాటను "పడనివాళ్ల గోల" అని కొట్టిపారేయడానికి కౌన్సిలరు మనుషులు సిద్ధంగా ఉన్నారు. కాబట్టి ఇది కింది వీధుల వాళ్లకు రాస్తున్నాను. మిట్ట వీధి వాల్వు బిగించిన పొద్దున మీ కుళాయి ఎప్పటికంటే జోరుగా పారింది. అది ఎవరి గొంతు తడపాల్సిన నీరో ఇప్పుడు మీకు తెలుసు. కౌన్సిలరుకు ఓటేసినవాళ్లయినా సరే, రండి. లోపలికి పిలిచినప్పుడు, వాల్వు తిప్పింది ఇన్నేళ్లూ ఆవిడేనని, బావమరిదిని ఒక్కనాడూ చూడలేదని మీ నోటితో చెప్పండి. చర్చికి వెళ్లేవాళ్లు ఆదివారం కూడికలో ఈ సంగతి లేచి పైకి చెప్పండి, సోమవారం ఆ మోకాళ్ల మీంచి లేచి ఆఫీసుకు నడవండి. ఈ వార్డు వాళ్లు కాకపోతే, రేపు పొద్దున మీ వీధిలో నీళ్లు వదిలే మనిషి దగ్గర ఒక్క నిమిషం ఆగి, ఎవరైనా ఏదైనా కట్టెయ్యమన్నారా అని అడగండి. అవునంటే, ఆ మనిషిని ఒంటరిగా వదిలి రాకండి.